సర్ఖనిలో ఎవరూ ముట్టని భగర్

పొలాల్లో మందు కొట్టే పంపులు అమ్మే కంపెనీలో అప్పుడే చేరాను. ఆఫీసు నాందేడ్‌లో. ఆ వానాకాలం ముగిసేలోపు కిన్వట్ వైపు మా పంపులు పెట్టుకునే ఒక మంచి దుకాణాన్ని పట్టుకుంటేనే నా ఉద్యోగం పర్మనెంట్. సర్ఖనిలో ఒక సేఠ్ ఆషాఢ ఏకాదశి నాడు రమ్మన్నాడు, ఆ రోజు గిరాకీ ఉండదని.

మా సీనియర్‌ని నేను కాకా అంటాను. కారు ఆయనే నడిపాడు. భోకర్ దాటాక వాన పట్టుకుంది.

"సేఠ్ ఇంట్ల ఏం వెట్టినా తినాలె. తినకుంటె పంపులు గింపులు ఏం ఉండయ్," అన్నాడు కాకా. "ఆ ఫోన్ జేబుల వెట్టు. మనిషి మాట్లాడుతుంటె దాని దిక్కే సూస్తవ్."

జేబులో పెట్టాను. కాసేపే.

సేఠ్‌తో మాట తొందరగానే కుదిరింది. చాయ్ తాగాక, "ఫరాళం చేసినంక పక్కా చేద్దాం," అని ఉపవాసపు తిండికి ఇంట్లోకి తీసుకుపోయాడు. వాళ్లావిడ పళ్లాల్లో భగర్ వడ్డించింది. ఉపవాసం నాడు మా దగ్గర అన్నం బదులు వండుకునే సన్నటి గింజ అది. పైన పల్లీల పులుసు పోసింది.

అప్పుడే నాందేడ్ దోస్తుల గ్రూపులో మెసేజ్ వచ్చింది. పక్క తాలూకాలో భగర్ తిన్నవాళ్లకు వాంతులు, కళ్లు తిరగడం, దవాఖానలో మంచాలు చాలట్లేదట. ఎవరు రాశారో లేదు. నిజమని నమ్మడానికి ఏమీ లేదు, కాదనడానికీ లేదు.

"సేఠ్, ఈ భగర్ ఏడ కొన్నరు?"

"ఏంది తమ్మీ, పోలీసు లెక్క అడుగుతున్నవ్? బజార్ల కొన్న. సంచిలకెళ్లి జోకి ఇచ్చిండు."

కాకా నా మోకాలిని తన్నాడు. ఫోన్ ఆయన ముందుకు జరిపాను. చదివి, పళ్లెం వెనక్కి నెట్టాడు.

"మాఫ్ చెయ్ సేఠ్. ఇయ్యాల నాకు నిర్జల. నీళ్లు గూడ ముట్ట. ఈ పోరనికి గూడ అంతే."

"ఇప్పుడేగా చాయ్ తాగితిరి?"

"చాయ్ నీళ్లల్ల లెక్క గాదు, సేఠ్."

సేఠ్ పగలబడి నవ్వాడు. మేం బయటపడ్డట్టే, దుకాణమూ దక్కినట్టే. సేఠ్ తన పళ్లెంలో చెయ్యి పెట్టాడు.

"తినకుర్రి!" అని అరిచాను. "భగర్ల విషం ఉన్నదంటున్నరు!"

సేఠ్ లేచాడు. "నా ఇంట్ల విషమా? ఎవడన్నడు?"

"ఫోన్ల అచ్చింది."

"నిన్న గూడ అచ్చింది ఫోన్ల, నెలంత కరెంటు ఫ్రీ అని. ఇచ్చిండ్రా?"

నాకూ మండింది. "అయితె తినుర్రి! దవాఖానకు నేను మాత్రం రాను."

వాళ్లావిడ అందరి పళ్లాలూ తీసి, వడ్డించింది గిన్నెలోనే తిరగబోసి మూత పెట్టింది. "ఒక్క పూట అరటిపండ్లు తింటె ఎవ్వలం సావం," అన్నది.

"బస్, ఇగ లేవుర్రి," అన్నాడు సేఠ్ మాతో.

దారిలో వాగు దాటుతుంటే నీళ్లు వంతెన అంచును తాకుతున్నాయి. కాసేపటికే వంతెన మునిగిందని, బస్సులు ఆగాయని ఫోన్‌లో చూశాను. తీరిగ్గా తిని బయలుదేరితే అవతలే ఉండిపోయేవాళ్లం.

"నిర్జల అని మంచిగ జెప్తి. నడుమల నువ్వు నోరు తెరిస్తివి," అన్నాడు కాకా.

"ఆయన తింటుండె గదా."

కాకా వైపర్ వేగం పెంచాడు.

మర్నాడు సేఠ్ ఫోన్ చేశాడు. "సూడు తమ్మీ, మా ఇంట్ల ఒక్కలకు గూడ ఏం గాలె. నీ ఫోన్ అంత అబద్ధం."

"తిన్నరా?"

"మా ఇంటామె ఏడ తిననిచ్చింది! అంత పెంటల వారవోసింది."

"మరి పంపులు, సేఠ్?"

"ఇంట్ల కూసోవెట్టి తిండి వెడితె విషమన్నోని మాల్ నా దుకాణంల ఎట్ల వెట్టుకుంట?" అని పెట్టేశాడు.

వానాకాలం అయిపోయింది. నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. ఆ గింజ మంచిదో కాదో కూడా ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే ఎవరో ఒకరు తినాల్సింది.