మొదటి దోసెడు

కారం మరకు ఒక పాడు గుణం ఉంది. పొద్దున్నే మొదట పోసిన కాయల్లో పిడికెడు కారం దాని కడుపులోనే ఉండిపోయి, తర్వాతివాళ్ళ కారంతో కలిసి బయటికొస్తుంది. అందుకే ఆ ఊరి ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి, "మీరు కానివ్వండి వదినా" అని ఒకళ్ళనొకళ్ళు ముందుకు తోసుకుంటారు. అది మర్యాదనుకుంటే పొరపాటే.

దేవకుమారి ఇదంతా చిన్నప్పుడే చూసింది. ఏళ్ళ తరబడి మిరపకోతకు పోయి కూడబెట్టుకున్న డబ్బుతో ఊరవతల తమ పేట మొదట్లో మర పెట్టినప్పుడు, ఊళ్ళో ఉన్న చెంచయ్య మరను కాదని తన దగ్గరికి ఎవరొస్తారని తెగ ఆలోచించింది. చివరికి రోజూ తలుపు తీయగానే తన ఇంటి కాయలు దోసెడు పోసి మర కడుపు నింపేది. రేకు మీద రాయించి గుమ్మానికి వేలాడదీసింది: 'ఇక్కడ మొదటి దోసెడు మాదే. మీ తూకం తగ్గదు.'

ఆ రేకే కొంప ముంచింది.

"ఊరికే ఎవరు పోస్తారే? తాలుకాయలు పోసి మనకు అంటగడుతోంది" అన్నారు పెద్దవీధి వాళ్ళు. ఆ మాట విని దేవకుమారి నిగనిగలాడే ఎర్రకాయలు గంపకెత్తి గుమ్మంలో పెట్టింది. "చూపించేవి వేరు, పోసేవి వేరు" అన్నారు. సొంత పేటవాళ్ళయినా వచ్చారా అంటే, మనమనిషి అయితే మరీ జాగ్రత్తగా ఉండాలన్నట్టు వాళ్ళూ చెంచయ్య దగ్గరికే పోయారు. ఇంటింటా ఏడాది కారం పట్టించుకునే ఎండలు గడిచిపోతున్నాయి. ఈ గిరాకీ తప్పితే మోటారు అమ్మేసి మళ్ళీ కూలికి పోవాల్సిందే.

అంతలో చెంచయ్య మోటారు కాలిపోయింది. పెద్దవీధిలో ఆవకాయకు పేరుపడ్డ వెంకటరావమ్మ, జీతగాడి నెత్తిన బుట్ట పెట్టించుకుని వచ్చింది. లోపలికి రాలేదు.

"ముందా మర శుభ్రంగా తుడువు. మీ ఇంటి కాయలు పడ్డదాంట్లో మావి పోస్తావా? మడిగా పెట్టుకునే ఆవకాయే అది."

అప్పుడు తెలిసింది దేవకుమారికి. తాలుకాయలూ కాదు, తూకమూ కాదు, అనుమానమల్లా ఆ దోసెడు ఎవరిదన్నదే. ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"అమ్మగారూ, చెంచయ్యగారు తెల్లారకముందే మర ఎందుకు తీస్తారనుకున్నారు? మా పేట ఆడవాళ్ళు కోతకు పోయేలోగా కాయలు పట్టించుకోవాలని. మా అమ్మతో నేనూ వెళ్ళేదాన్ని. మొదటి దోసెడు ఎప్పుడూ మాదేనండి. ఎండెక్కాక మీరొస్తారు. మరలో ఉండిపోయింది మీ బుట్టలోనే పడుతుంది. ఇన్నేళ్ళూ మీరు తిన్న ఆవకాయ అదే."

వెంకటరావమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జీతగాణ్ణి దూరంగా పొమ్మంది. వీధికి అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, గడప దాటి మరీ అడిగింది.

"ఈ మాట ఎవరితోనన్నా అన్నావా?"

"ఇంకా లేదండి."

బుట్ట లోపలికొచ్చింది.

చెంచయ్య మోటారు బాగుపడ్డాక కూడా పెద్దవీధి అటు పోలేదు. అక్కడ కారం బరకగా వస్తోందని వెంకటరావమ్మే ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. వాళ్ళను చూసి పేటవాళ్ళూ వచ్చారు. దేవకుమారికి గిరాకీ దొరికింది గానీ, మనసులో మంట చల్లారలేదు. వెంకటరావమ్మ నవ్వినప్పుడల్లా ఈ నవ్వు ఎన్నాళ్ళో అనుకునేది. ఈమె ఎవరితో గుసగుసలాడినా ఆవిడ చెవులు రిక్కించేది.

రేకు మాత్రం దేవకుమారి తీయలేదు. రోజూ అందరూ చూస్తుండగానే తన దోసెడు పోసేది. వెనక నిలబడితే ఎందుకని ఎవరన్నా అడుగుతారేమోనని, వచ్చిన రోజల్లా ఆ దోసెడు వెనకే వెంకటరావమ్మే మొదటి బుట్ట అందించేది.