రాణీగారి పటం మీది బొట్టు

ఘనత వహించిన రాణీగారికి, వారి దేవిడిల నడుస్తున్న బడి పెద్దలకు, పాఠక మహాశయులకు ముందుగనే సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్న. రాణీగారి పేరు పెట్టుకున్న బడి గురించి రాస్త రాస్త, రాణీగారినే పక్కకు పెడుతున్న. ఏం చెయ్యాలె? ఆమె మా తాతల కాలంలనే పోయింది. మా తెలుగు టీచరమ్మ మొన్న ఆషాఢంల పోయింది. ఛత్రినాకల ఆమె ఉండే గల్లీ మలుపు తిరిగినంక బోనాల డప్పు ఆగిపోతే, ఎందుకు ఆగిందో ఎవ్వరు చెప్పకుంటనే సమజైంది.

అది ఆడపిల్లల బడి. అయిదో తరగతి దాక మగపిల్లలను గూడ కూసోబెడుతరు గనక నా అసువంటోడు చొరబడ్డడు.

రాణీగారు సంస్థానం దొరసాని. ఆడపిల్లలు చదువుకోవాలని తానుండే దేవిడినే బడికి రాసిచ్చింది గని, తాను మాత్రం పరదా దాటలేదు. ఒక్క ఫోటో లేదు. హాల్ల పటం పెట్టాలనుకున్నప్పుడు, పురానాపూల్ కాడ దుకాణాల బోర్డులు రాసే పేంటర్ భాయ్‌ని పిలిచిండ్రట.

"మొఖం ఎక్కడికెల్లి తేవాలె సాబ్? చూసినోళ్లు ఒక్కలన్న ఉన్నరా?" అన్నడట భాయ్. అప్పుడే వాకిట్ల మా టీచరమ్మ ఎవరినో కోప్పడుతున్నది. "గీ అమ్మను కూసోబెట్టుండ్రి. రాణి లెక్కనే ఒర్రుతున్నది!" అన్నడట భాయే.

కూసున్నది. భాయ్ నెత్తి మీద జరీ కొంగు కప్పిండు, నగలు దిగేసిండు. రాణీగారు పుణ్యస్త్రీగ పోయింది గనక నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టిండు. మా టీచరమ్మకు పందొమ్మిదో ఏటనే మొగుడు పోయిండు. ఆనాటి నుంచి ఆ నుదురు ఉత్తదే.

ఏ పిల్లన్న బొట్టు లేకుంట వస్తే, పెట్టిచ్చుకరమ్మని పక్క క్లాసు టీచరు దగ్గరికి తోలేది. "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా" అనేది, సుద్దముక్క దులుపుకుంట. ఆ చేత్తోనే మా అందరికి అక్షరాలు దిద్దిపిచ్చింది. ఎవ్వరికి ఏ కీడు జరగలే. కొందరికి సర్కారు కొలువులు గూడ వచ్చినయి. డిగ్రీ పాసై గూడ నాకు రాకపోవుడు ఆమె చెయ్యి తప్పు గాదు.

ఏటా రాణీగారి వర్ధంతికి పటానికి దండ వేసే పని ఆమెదే. స్టూలెక్కి, దండ వేసి, దిగకుంట కొంచెంసేపు అట్లనే చూస్తుండేది. నాకు ఊకోబుద్ధి గాలే.

"టీచర్, బతికున్నోళ్ల పటానికి దండేస్తరా?"

"వేస్తే ఏమైతదిరా?"

"చచ్చిపోతరంట."

"దండ పడ్డంక ఇంక చావు ఫికర్ ఎందుకురా!" అన్నది నవ్వి. స్టూలు దిగినంక కొంగు సర్దుకుంట, మెల్లగ: "మొఖమే నాది. బొట్టు ఆమెది."

జోకనుకొని మస్తు నవ్విన. జోకులు నాకే తెలుసనుకునే వయసది.

టీచరమ్మ పోయినంక ఫోటో కోసం ఇల్లంత వెతికిండ్రు. పెండ్లి ఫోటో ఎన్నడో చినిగిపోయిందట. బడి గ్రూపు ఫోటోలల్ల అన్నిట్ల ఆమె తల పక్కకే తిరిగున్నది, ఎవడు లొల్లి చేస్తున్నడో అని. మా క్లాసు ఫోటోల ఆ లొల్లిగాణ్ని నేనే. ఆఖరికి పెద్ద టీచరు రాణీగారి పటాన్నే దించి నా చేతుల పెట్టింది.

ఇన్నేండ్లు ఆమెను ఇంట్ల పెట్టుకొని చూసుకున్న మరిది, పటం చూసి గడప మీదనే కూలబడ్డడు. "అచ్చం మా వదినెనే." కండ్లు తుడుచుకున్నంక గొంతు మారింది. "గని గీ బొట్టేంది? మొగుడు లేని మనిషి పటానికి బొట్టుంటె నలుగురు ఏమంటరు? తమ్మీ, గా పేంటర్ కాడికి పోయి చెరిపిచ్చుకరా. బడికి ఇచ్చేటప్పుడు మళ్ల పెట్టిద్దాం."

సైకిల్ మీద కట్టుకొని బయలెల్లిన. ముసురు పడుతున్నది. గౌలిపుర గల్లీల బర్లు అడ్డమొస్తే ఆగిన. పాలాయన పటాన్ని చూసి చెప్పులిడిసి దండం పెట్టిండు.

"ఏ అమ్మవారన్నా?"

"మా టీచరమ్మ" అన్న. ఆయన ఇంకోసారి మొక్కిండు.

తిరిగొచ్చి మరిదికి చెప్పిన: "ఆయిలు పేంటు పోదట బాపు. గీకితే నుదురే చినుగుతదట." పెద్దాయన నిట్టూర్చిండు.

దశదినం నాడు దండ వేసినంక, బంతిపూల రేక ఒకటి పటం నుదుటికి అతుక్కున్నది. తీద్దామని మరిది వేలు పెట్టిండు. వేలు ఎర్రగైంది. వేలు దిక్కు చూసుకున్నడు. నా దిక్కు చూసిండు. చుట్టాలు, అయ్యగారు అందరు అక్కడనే ఉన్నరు. కండువ కొసకు వేలు తుడుచుకొని, రేకను అట్లనే ఇడిసిపెట్టిండు.

పటం మళ్ల బడి గోడ ఎక్కింది. రేక ఎండింది గని ఊడలే. మొదట చెప్పిన క్షమాపణలన్ని ఉత్తయే. నేను చేసింది ఒక్కటే: చెరపమన్న బొట్టు మీద, పేంటర్ భాయ్‌తోని ఇంకో పూత పెట్టిచ్చిన. ఆ పూత మాత్రం రాణీగారిది గాదు.