గ్రేడ్ త్రీని పాతాళానికి పంపిన వైనం

పోయిన గురువారం పొద్దున పదకొండు గంటలకి ఇరవై నాలుగు మంది పసిపిల్లల్ని పాతాళానికి పంపేశాను. వీసాల్లేవు, విమానాల్లేవు, తలా గుప్పెడు దానిమ్మ గింజలతో పని అయిపోయింది. ఎలాగో చెప్తాను, మీరు టీ చల్లారిపోకుండా తాగుతూ వినండి.

నేను ఆస్ట్రేలియాలో, వెర్రిబీ అనే ఊళ్ళో మా అమ్మాయి శిరీష ఇంట్లో ఉంటున్నాను కదా. పొద్దున ఎనిమిదింటికల్లా అమ్మాయి, అల్లుడు, మనవరాలు ఆద్య ముగ్గురూ మూడు దిక్కులకి పోతారు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఇంట్లో నాకు జవాబు చెప్పేది కుక్కర్ ఒక్కటే. పప్పుకి మూడు విజిల్స్ చాలు. నేను ఏడు రానిస్తాను, ఇంకాసేపు మాట్లాడుతుందని. ఇప్పుడు మా ఇంట్లో పప్పు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారు.

ఇలా ఉండగా ఆద్య చదివే గ్రేడ్ త్రీ క్లాసులో ఈ టర్మ్ గ్రీకు పురాణాలు మొదలయ్యాయి. వాళ్ళ టీచరు మిస్ కెల్లీ, "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వచ్చి ఒక కథ చెప్తారా? పిల్లలకి నచ్చితే ప్రతి గురువారం రావచ్చు" అని మెసేజ్ పెట్టింది. ఆ "ప్రతి గురువారం" అన్న ముక్క నేను శిరీష చేత వందసార్లు చదివించుకున్నాను.

"నీకు గ్రీకు కథలేం వచ్చమ్మా?" అంది శిరీష.

"ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్నే. దేవుళ్ళు, అలకలు, శాపాలు, ఎక్కడైనా అవేగా. పేర్లే తేడా" అన్నాను. వారం రోజులు కుక్కర్‌ని ఎదురుగా పెట్టుకుని ప్రాక్టీస్ చేశాను. మంచి శ్రోత. సరిగ్గా ఏడుపు ఘట్టంలో కూత పెట్టేది.

ఇంతకీ నా తప్పేమిటంటే, నాకు ఉత్త చేతులతో కథ వినడం తెలీదు. మా ఇళ్ళలో వ్రతకథ వినాలంటే అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కూర్చోవాలి, అయ్యేదాకా గుప్పిట విప్పకూడదు. గ్రీకు కథలో ఎలాగూ దానిమ్మ గింజలున్నాయి, అక్షింతల బదులు అవే ఇద్దామని నాలుగు కాయలు ఒలిచి డబ్బాలో పోసుకెళ్ళాను. మిస్ కెల్లీ వెనకాల ప్రొజెక్టర్‌తో కుస్తీ పడుతుంటే, నేను ఇటు తిరిగి అందరి చేతుల్లో గింజలు పోసి, కథ అయ్యేదాకా గుప్పిట మూసే ఉంచాలని చెప్పాను.

కథ మొదలుపెట్టాను. పంటల దేవత డిమీటర్. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు పెర్సెఫొనీ. పాతాళ రాజు హేడీస్ రథం వేసుకొచ్చి ఆ పిల్లని ఎత్తుకుపోయాడు. తల్లి దిగులుతో భూమ్మీద గడ్డిపరక కూడా మొలవనివ్వలేదు. ఆ దిగులు నేను బ్రహ్మాండంగా నటించాను. నటించాననే అనుకుంటున్నాను.

"చివరికి హేడీస్ పిల్లని పంపడానికి ఒప్పుకున్నాడు. కానీ పాతాళంలో ఏమైనా తింటే మళ్ళీ అక్కడికే తిరిగిరావాలని రూలు. ఆ పిల్ల అప్పటికే దానిమ్మ గింజలు తినేసింది. గింజకో నెల."

ముందు వరసలో ఒలీవియా అనే పిల్ల మెల్లిగా గుప్పిట విప్పింది. ఖాళీ. అరచేతిలో ఎర్రటి రసం. చుట్టూ చూశాను. ఇరవై నాలుగు గుప్పిళ్ళూ ఖాళీయే.

"అమ్మమ్మా," అంది ఒలీవియా. ఆద్య పిలుస్తుంది కాబట్టి క్లాసంతా నన్ను అలాగే పిలిచారు. "నేను తొమ్మిది తిన్నాను. ఇప్పుడు నేనెక్కడికెళ్ళాలి?"

"ఉత్త కథేనమ్మా" అంటే అయిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? "ఇచ్చింది నేను కదా, తొమ్మిది నెలలు మా ఇంట్లోనే. గదులు బోలెడున్నాయి. పగలంతా ఎవరూ ఉండరు" అన్నాను. అంటున్నప్పుడు కాస్త ఆశపడ్డాను కూడా.

ఒలీవియా పెదవి వణికింది. పక్క పిల్ల వేళ్ళు మడిచి ఇరవై రెండు దాకా లెక్కపెట్టి భోరుమంది. ఆ ఏడుపు సిడ్నీ దాకా వినిపించి ఉంటుంది. ఆద్య స్కూల్ స్వెటర్ కాలర్‌లోకి తల దూర్చేసి, "అమ్మమ్మా, ప్లీజ్ స్టాప్" అంది.

మిస్ కెల్లీ పరుగున వచ్చి అందర్నీ ఓదార్చి, నన్ను స్టాఫ్ రూమ్‌కి తీసుకెళ్ళింది. టీ పోసి, బిస్కెట్ల ప్లేటు ముందు పెట్టి మెత్తగానే చెప్పింది. పిల్లలకి బయటి తిండి పెట్టకూడదట, అలర్జీలుంటాయట. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఇళ్ళన్నిటికీ మెసేజ్ పెట్టాలట. నా గురువారాలు అయిపోయాయనుకున్నాను. తలెత్తలేక ప్లేటు వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఇందాక పిల్లల్ని ఓదారుస్తూ, ఈ కథ ఇవాళ మనకెందుకు అని అడిగితే ఒలీవియా ఏమందో తెలుసా?" అంది మిస్ కెల్లీ. "డిమీటర్‌కి పగలు ఇంట్లో ఎవరూ ఉండరు, అందుకే గింజలు పంచింది అంది."

నేను ఇంకో బిస్కెట్ నోట్లో పెట్టుకున్నాను.

ఆవిడ ప్లేటు వైపు చూసింది. ఖాళీ. "అన్నీ మీరే తిన్నారా?"

"ఏడు. రూలు మీకు తెలుసుగా. బిస్కెట్‌కో గురువారం."

ఆవిడ గోడ మీది క్యాలెండర్ చూసింది. టర్మ్‌లో ఇంకా సరిగ్గా ఏడు గురువారాలే ఉన్నాయి. నవ్వు ఆపుకుంటూ, "డబ్బా లేకుండా రండి" అంది.

ఆ సాయంత్రం నా షుగర్ మీటర్ చూసి శిరీషకి కళ్ళు తిరిగాయి. "స్కూల్లో ఏం తిన్నావమ్మా?"

"నాలుగు దానిమ్మ గింజలు" అన్నాను.