చుక్క పక్కన వదిలేసిన సున్న

వాన పడితే నాకు గుండె దడ. అందరూ అరుగు మీదికి వచ్చి సంతోషంగా చూస్తుంటే నేను కిటికీ మూసి కూర్చుంటాను. నలభై ఏళ్లు దాటింది. నా భార్యకు కూడా చెప్పలేదు, చెప్పకముందే ఆమె చనిపోయింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియనక్కరలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజులు. చిత్తూరుకు దగ్గర్లో ఒక చిన్న ఆఫీసులో నాకు గుమాస్తా పని దొరికింది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు. నా పనుల్లో ఒకటి వాన కొలవడం. ఆఫీసు ఆవరణలో ఒక ఇనుప డబ్బా పాతి ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదింటికి అందులో పడ్డ నీళ్లు ఒక గాజు కొలతగ్లాసులోకి వంచి, ఎన్ని గీతల దాకా వచ్చాయో చూసి దస్త్రంలో రాయాలి. ఒక గీత అంటే అంగుళంలో నూరోవంతు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే తప్పు చేశాను, అదే విచిత్రం.

నేను వీధిబడిలో చదివినవాణ్ణి. వీసం, పరక, కాణి లాంటి పాత భిన్నాలు నిద్రలో అడిగినా చెబుతాను. మా అయ్యవారు బెత్తం ఆడిస్తూ ఒక మాట మాతో వల్లె వేయించేవాడు: ఎడమన సున్న ఎందుకూ కొరగాదు, కుడిన సున్న కుప్పలు పోస్తుంది. ఏడుకు ముందు సున్న పెడితే ఏడే, వెనక పెడితే డెబ్బై. ఆ మాట నా ఎముకల్లో దిగిపోయింది. ఈ చుక్క పెట్టే దశాంశాల లెక్క తర్వాత వచ్చింది. ఎవరో ఒక పూట చెప్పారు, తల ఊపాను. చుక్క తర్వాత మొదటి గడి పదోవంతులది, రెండోది నూరోవంతులదని ఆ రోజు విన్నానో లేదో. విననిది విన్నట్టు తల ఊపడం కంటే పాపం ఏముంది?

ఆ ఏడు ఒక నెలలో నాలుగు రోజులే చినుకు పడింది. మొదటి రోజు పన్నెండు గీతలు. చుక్క పెట్టి పన్నెండు రాశాను. అది ఒప్పే. తర్వాత ఏడు గీతలు, ఎనిమిది, తొమ్మిది. చుక్క పెట్టి ఏడు, చుక్క పెట్టి ఎనిమిది, చుక్క పెట్టి తొమ్మిది. మధ్యలో సున్న ఎందుకు, ఎందుకూ కొరగానిది? నెలాఖరున అయ్యవారు నేర్పినట్టే చుక్క కింద చుక్క పెట్టి వేరే కాగితం మీద కూడాను. రెండంగుళాల యాభైరెండు వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పైకి పంపాను. అసలు పడ్డది ముప్పై ఆరు గీతలు. అంగుళంలో మూడోవంతుకు కాస్త ఎక్కువ.

పశువులకు మేత లేక పల్లెలు అల్లాడుతున్నాయి. బండ్ల మీద కసువు తెప్పించి డిపో పెట్టాలి. మా పక్కనా, పుత్తూరు పక్కనా అన్నది పైవాళ్లు తేల్చాలి. నా కాగితం చూశారు. రెండున్నర అంగుళాలు పడిన చోట డిపో ఎందుకన్నారు. బండ్లు పుత్తూరు వైపు వెళ్లాయి.

వారానికి మునెప్ప అనే రైతు వచ్చాడు. ఐరాల అవతలి పల్లె అతనిది. మా నాయన వయసు. ఎనిమిది మైళ్లు నడిచి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సామీ, మా పక్కకి కసువు రాలేదే?"

"మీకు వాన పడింది కదప్పా. రెండున్నర అంగుళాలు."

"యాడ పడింది సామీ? మా సేన్లో దుమ్ము గూడా అణగలే."

"దస్త్రంలో ఉంది, చూడు," అన్నాను. అతనికి చదువు రాదని తెలిసే దస్త్రం విప్పాను. ఏం గర్వమో నాది! వేలు పెట్టి చూపించబోయి ఆగిపోయాను. పన్నెండు గీతల రోజు ఆవరణలో కాస్త నీళ్లు నిలిచాయి. ఏడు గీతల రోజు నా చెప్పులకు బురద కూడా అంటలేదు. మరి ఏడు వచ్చి పన్నెండులోని ఒకటి కింద ఎందుకు నిలబడింది? రెండు కింద కదా నిలబడాల్సింది! మధ్యలో సున్న లేదు.

మునెప్ప నా ముఖమే చూస్తున్నాడు.

"ఏం సామీ, ఉండాదా?"

ఆ క్షణం నాకు మళ్లీ మళ్లీ వస్తుంది. పక్క గదిలో మా పెద్ద గుమాస్తా ఉన్నాడు. లేచి పది అడుగులు వేస్తే చాలు. మిగతా బండ్లు ఇటు తిప్పడానికి ఇంకా వ్యవధి ఉంది. కాని నా ఆరు నెలలకు ఇంకా పద్దెనిమిది రోజులు మిగిలి ఉన్నాయి.

"ఉంది," అన్నాను.

"ఉంటే సరేలే సామీ. పుస్తకంలో ఉండేది అబద్దమా? మా సేని మీదనే పడలేదేమో. ఎద్దులు రెండుండాయి, ఇంగ పది దినాలు ఎట్ల ఈడ్చేదో."

వెళ్లిపోయాడు. తన కళ్లతో చూసిన దాన్ని కాదనుకుని, నా దస్త్రాన్ని నమ్మి వెళ్లిపోయాడు.

ఒక ఎద్దు చచ్చిపోయిందని, రెండోదాన్ని కటికవాళ్లకు తోలేశాడని తర్వాత విన్నాను. అసలు వానలు వచ్చేసరికి దున్నడానికి అతనికి ఏమీ లేదు. చేను బీడు పడింది. నా ఉద్యోగం మాత్రం ఖాయమైంది. ఖాయమైన మర్నాడే సన్న పాళీతో, అదే సిరాతో, చుక్కకూ అంకెకూ మధ్య మూడు చోట్ల మూడు సున్నలు ఇరికించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కాదు, అంతకంటే నీచం. అవి మునెప్ప కోసం పెట్టినవి కావు, నా కోసం. కూడిక కాగితాన్ని ఎవరూ తిరగెయ్యలేదు. దస్త్రం ఎవరు చూసినా ఒక్క తప్పు దొరకదు.

మరుసటి ఏడు చిత్తూరు రోడ్డు పక్క అతను కంకర కొడుతూ కనిపించాడు. తల తిప్పుకుని పోదామనుకున్నాను. అతనే లేచి దండం పెట్టాడు. ఆ పొద్దు మీరొక్కరే పుస్తకం విప్పి సూపించినారు సామీ, తక్కినోళ్లు గుమ్మం కాడనే తరిమేసినారు, అన్నాడు. తిట్టి ఉంటే ఇన్నేళ్లు మోసేవాణ్ణి కానేమో. భయం వల్లనే చేశానని నాకు నేను చెప్పుకుంటాను. భయం పద్దెనిమిది రోజులే కదా? ఆ తర్వాత ఎందుకు చెప్పలేదు?

అతను ఎప్పుడు పోయాడో తెలియదు. క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు. ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పాల్సిన మాట ఒకటి నోట్లోనే ఉండిపోయింది. అది ఇక్కడ పెడుతున్నాను, కాస్త ఊపిరి ఆడుతుంది.

మునెప్పా, మీ చేన్లో వాన పడలేదు. నువ్వు చెప్పిందే నిజం.