అవ్వ చేతిలో వాల్వు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఈ లోకంలో ఉందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్త, పొలాల్లో సోలార్ పంపులు బిగించే చిన్న కంపెనీలో తొలి ఉద్యోగం. సర్క్యూట్ల పేపర్లో కాలేజీ ఫస్టు వచ్చిన సంగతి అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పేదాన్ని (బస్సులో పక్కసీటు ఆమెకు కూడా చెప్పాను, ఆమె పాపం కిటికీవైపు తిరిగి నిద్ర నటించింది). మా సారు నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి 'ఫస్టుమార్కు' అనేవాడు. ఆ మార్కు తెచ్చిపెట్టింది గరిష్ఠ శక్తి బదిలీ సిద్ధాంతం. కరెంటు ఇచ్చేదానికి తగిన లోడు తగిలిస్తేనే శక్తి పూర్తిగా అందుతుంది. లోడు మరీ తక్కువైనా దండగే, మరీ ఎక్కువైనా దండగే. రెండు పేజీల నిరూపణ, కింద కొండలా లేచి దిగే ఒక గీత. నిద్రలో లేపి అడిగినా తప్పులేకుండా గీసేదాన్ని.

ఆ మే నెలలో సారు నన్ను కంబదూరు దగ్గర ఒక అవ్వ చీనీతోటకు, అంటే బత్తాయితోటకు, పంపాడు. బోరు ఎండిపోతే ఆమె ట్యాంకర్లతో నీళ్లు తోలించి, ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలో నింపుకుంది. కుంట నిండుగా ఉంది, పక్కన సోలార్ పలకలు ధగధగలాడుతున్నాయి, చెట్లు మాత్రం ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. పలకల కరెంటును సరిచేసి, కుంట నీళ్లు తోడే మోటారుకు పంపే కంట్రోలరు పెట్టె కాలిపోయింది. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుందని చెప్పాను.

"నాలుగు దినాలా? పిందెలు రాల్తాండాయమ్మా. కిందికి సూడు," అంది అవ్వ. చూశాను. ఆకుపచ్చ గోలీకాయల్లా నేలంతా పిందెలే. ఐదేళ్లు పెంచిన చెట్లకు అది తొలి కాపట.

"పెట్టె లేకపోతే ఏమవ్వా, నేనుండాను గదా!" అనేశాను. సారుకు ఫోన్ చేస్తే, "పాతరకం డీసీ మోటారే, నేరుగా తగిలిచ్చినా తిరుగుతాది. అయితే లోడు సూసుకోమ్మా," అన్నాడు. 'తిరుగుతాది' దాకానే విన్నాను నేను.

వైర్లు కలిపి, తోటకు అంత దాహంగా ఉంది కదా అని వాల్వు పూర్తిగా తెరిచి స్విచ్ వేశాను. మోటారు ఒక్క మూలుగు మూలిగింది. పైపు చివర నీళ్లు పసిపిల్ల చొంగలా కారాయి. కనెక్షన్లన్నీ మళ్లీ బిగించాను. నా చున్నీతో పలకలన్నీ తుడిచాను. మీటరు పెట్టి చూస్తే వోల్టేజి పాతాళంలో ఉంది. "ఎండ చాల్లేదవ్వా," అన్నాను గంభీరంగా. (కంబదూరులో, మే నెలలో, మిట్టమధ్యాహ్నం!) గట్టుమీద గొర్రెలు తోలుకుపోతున్న ఒక మామ ఆగిపోయాడు. "ఏమప్పా, ఈ ఎండ గూడ చాలదంట! ఇంగ సూర్యుడు కిందికి దిగి రావల్లేమో!" అని గొర్రెలకు చెబుతున్నట్టే చెప్పి పోయాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అవ్వ మాత్రం వాల్వు దగ్గర గొంతుక్కూర్చుని, చక్రం దాదాపు మూసేసింది. "ఏం జేస్తాండావవ్వా? ఉండే నీళ్లు గూడ రావు!" అని అరిచాను. "నువ్వు గమ్మునుండు. అది ఊపిరాడక సస్తాండాది," అంది.

మోటారు మూలుగు ఆగింది. తిరిగింది. గొంతు సాగదీసి, పాడుతున్నట్టు వేగం అందుకుంది. అప్పుడు అవ్వ చెవి ఒగ్గి, చక్రాన్ని కొంచెం తెరిచింది. నీళ్లొచ్చాయి. ఇంకొంచెం తెరిచింది, పైపు నిండుగా దూకాయి. మరికాస్త తెరవగానే మోటారు గొంతు బరువెక్కి ధార సన్నబడింది. వెంటనే వేలెడంత వెనక్కి తిప్పింది. ధార మళ్లీ లావెక్కి చీనీ పాదుల్లోకి ఉరికింది. అంతలో మబ్బుతునక ఒకటి సూర్యుడికి అడ్డమొస్తే, ఆమె తల ఎత్తి చూడనైనా లేదు. శబ్దం తగ్గగానే చక్రం కాస్త మూసింది, మబ్బు దాటగానే తెరిచింది.

వాల్వు ఎంత తెరిస్తే మోటారు మీద లోడు అంత పెరుగుతుంది. రెండు పేజీల నిరూపణ నా కళ్లముందు నీళ్లై పారుతోంది. కాలిపోయిన పెట్టె పొద్దస్తమానం చేసే పని సరిగ్గా ఇదే: కొంచెం పెంచి చూడడం, తగ్గితే వెనక్కి రావడం. దాన్ని చదువు లేని ఒక చెయ్యి చేస్తోంది. నేను సిగ్గుపడాలన్న సంగతి కూడా మరిచి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

పొద్దు వాలేసరికి చివరి వరస చెట్టు పాదు కూడా తడిసింది. "యాడ నేర్చుకున్నావవ్వా ఇది?" అని అడిగాను.

"ఈడనే. ఈ పొద్దే," అంది చేతులు కడుక్కుంటూ. "నువ్వు తప్పు జేస్తాంటే సూసి."

తిరుగు బస్సులో నోటుపుస్తకం తీసి ఆ కొండ గీత గీశాను. శిఖరం దగ్గర ఒక చుక్క పెట్టి, ఆ చుక్క పక్కన చిన్న చక్రం, దానిమీద ముడతలు పడ్డ చెయ్యి గీయబోయాను (చెయ్యి గీయడం రాక అది చీపురుకట్టలా వచ్చింది). తల ఎత్తేసరికి నేను దిగాల్సిన కళ్యాణదుర్గం ఎప్పుడో దాటిపోయింది. కండక్టర్ తిడుతున్నా, ఆనాటి నేనైన ఆ పిల్ల మళ్లీ పుస్తకంలోకే చూసుకుంటూ నవ్వుతోంది. ఇప్పుడు మీటింగులకు పది నిమిషాలు ముందే చేరుకునే నాకు, ఊరు దాటిపోయిన ఆ పిల్లంటేనే కొంచెం అసూయ.