సుజాతకివ్వని వ్యాసం

ఐదేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. చిన్నదేలే అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. చిన్నదైతే ఈపాటికి మరిచిపోయి ఉండాలి కదా? మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తిరుపతిలో గ్రూప్స్ పరీక్షకు చదివే రోజుల్లో గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ పుత్తూరు నుంచి వచ్చిన సుజాతా. ఇంగ్లిష్ న్యూస్ పేపరు నెట్‌లో చందా కడితేగాని తెరుచుకోదు. చెరిసగం వేసుకుని కట్టాం. అది ఒకసారికి ఒక్క ఫోనులోనే వచ్చేది. అందుకని ఒక వారం నాది, ఒక వారం తనది. వంతు వచ్చినవాళ్లు పొద్దున్నే చదివి, పరీక్షకు పనికొచ్చేవన్నీ తెలుగులో నోట్సు రాసి రెండో మనిషికివ్వాలి. సుజాత ఎంత వివరంగా రాసేదంటే, నాకిక పేపరుతో పనే ఉండేది కాదు.

పరీక్షకు ముందు వారం నాది. కరువు జిల్లాల్లో భూగర్భ జలాల మీద పెద్ద వ్యాసం వచ్చింది. చదవగానే ఇది అడుగుతారనిపించింది. నా పుస్తకంలో రాసుకున్నాను. తనకిచ్చే కాగితాల్లో రాయలేదు. హడావుడిలో మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే కాకమ్మ కబుర్లు చెప్పుకున్నాను. మాక్ టెస్టుల్లో ప్రతిసారీ తనే ముందుండేది. నాకు కడుపుమంట. అంతే.

పరీక్షలో అదే వచ్చింది. బయటికి రాగానే సుజాత నా చేయి పట్టుకుంది.

"నువ్వు రాసిచ్చే ఉంటావక్కా. నాకే గుర్తు రాలా. నాది మట్టి బుర్ర."

"పోనీలేమే, మళ్లా రాద్దువులే" అన్నాను.

ఆ కాగితాలు తిరగేసి చూసుకోవాలని కూడా తనకు తోచలేదు. నా మీద అంత నమ్మకం. నాకు ఉద్యోగం వచ్చింది, తనకు కొద్దిలో తప్పింది. ఆ ఒక్క వ్యాసం వల్లేనా? తెలియదు. తెలియదు కదా అన్న సందులోనే ఇన్నేళ్లూ దాక్కున్నాను.

మొన్న ఫోను చేసింది. నోటిఫికేషన్ పడిందట, వయసూ ఇంకా ఉందట, కానీ దరఖాస్తు చేయదట. "నాకు సదివింది నిలవదు గదక్కా" అంది. తను మళ్లీ రాయకపోవడానికి కారణం, తనది మట్టి బుర్రన్న ఆ నమ్మకం. దాన్ని తన బుర్రలో పెట్టింది నేను.

ఆదివారం పుత్తూరు వెళ్తున్నాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. నన్ను తిట్టి, ఆ కోపంతోనైనా దరఖాస్తు నింపితే చాలు. నింపుతుందనే నా ఆశ. ఇక్కడిదాకా రాసేసరికే గుండె కాస్త తేలికపడింది. తన ఎదుట నిలబడి కూడా అనగలననిపిస్తోంది: "నువ్వు మర్సిపోలేదు సుజాతా. నేనే తెలిసి తెలిసీ రాయలేదు."