మా అమ్మ సగంలో ఆపేసిన సాక్ష్యం

నాకు పదేళ్లప్పుడు... పత్తికొండ దగ్గర మా ఊళ్లో ఏటా జరిగే చర్చి సభల్లో రెండో రోజు పొద్దున... చర్చి వెనక నీళ్ల తొట్టి దగ్గర మా చెల్లెలు కరుణకు జడ వేస్తున్నాను. దానికి ఏడేళ్లు.

ఉన్నట్టుండి దాని ఎడమ చెయ్యి కొట్టుకోసాగింది. కళ్లు ఎటో చూస్తూ నిలబడిపోయాయి. పది అంకెలు లెక్కపెట్టేలోపే మళ్లీ మామూలైపోయింది.

"అమ్మకు చెప్పాకక్కా" అంది. "ఈ పొద్దు అమ్మ సాక్ష్యం చెప్పాల కదా."

నేను చెప్పలేదు...

కరుణకు నాలుగేళ్ల వయసు నుంచీ ఫిట్స్. అంతకు ముందు ఏడాది సభలకు వచ్చిన ప్రసంగీకుడు దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆ నెలలోనే కర్నూలు డాక్టరు మాత్రలు కూడా మార్చాడు. ఆ తర్వాత ఆ తొట్టి దగ్గరి పొద్దున దాకా దానికి ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. దేనివల్ల తగ్గిందో నాన్నకు తెలియదు, నాకూ తెలియదు. అమ్మకు మాత్రం తెలుసు.

అందుకే ఈసారి సభల్లో సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పమని, సంఘం వాళ్లు అమ్మను అడిగారు. అమ్మ వారం రోజులు నిద్రలో కూడా ఆ మాటలే వల్లించుకుంది. సభలకు నాలుగు రోజుల ముందు మాత్రల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది.

"డాక్టరు నిలపాకండి అన్నాడు కదా" అన్నాడు నాన్న.

"మాత్రలు మింగిస్తా, దేవుడు బాగు చేసినాడని యెట్ల చెప్పేది? అబద్ధం కాదా అది?" అంది అమ్మ.

మా అమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. డబ్బా అటక మీదే ఉండిపోయింది...

సభలంటే మా ఊరికి పెద్ద సంబరం. శనగకాయలు పెరికి ఇంట్లో వేసుకున్నాకే పెట్టుకునేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం ట్రాక్టర్ల మీద వచ్చేవాళ్లు. షామియానా కింద ఆడవాళ్లకు ఒకపక్క, మగవాళ్లకు ఒకపక్క పట్టలు పరిచేవాళ్లు. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం కొప్పెరలనిండా అన్నం, పప్పు...

పదకొండు గంటలకు అమ్మను పిలిచారు. తెల్ల చీర కొంగు తల మీద కప్పుకుని మైకు ముందు నిలబడింది. "నా బిడ్డ పడిపోతాంటే పట్టుకునేకి నాకు చేతులు చాల్లేదు..." అని మొదలుపెట్టింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. "ఈ పొద్దు నా బిడ్డ..." అంటుండగానే ముందు వరసలో నా పక్కనే కూర్చున్న కరుణ బిగుసుకుపోయి వెనక్కి పడింది.

ఈసారి పది అంకెలకు ఆగలేదు... నోట్లోంచి నురగ వచ్చింది. జనం చుట్టూ మూగి బిగ్గరగా ప్రార్థన మొదలెట్టారు. ఎవరో తబలా కూడా అందుకున్నారు. అమ్మ మైకు కింద పెట్టేసి వచ్చింది. దాన్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, "జరగండప్పా, రవంత గాలి రానీండి" అంది. అంతే... ఏడవలేదు.

తబలా ఆపించింది మా చర్చి పాస్టరు అయ్యగారే. పెద్దాయన, కాస్త కుంటుతూ నడిచేవాడు. ప్రసంగీకుణ్ణి తెచ్చిన జీపులోనే అమ్మనూ కరుణనూ ఎక్కించి, తాను కూడా ఎక్కి పత్తికొండ ఆసుపత్రికి తీసుకుపోయాడు. సాయంత్రానికి కరుణ కళ్లు తెరిచింది. రెండు రోజులు మాట తడబడింది. నేను దాని మంచం పక్కనే కూర్చుని, పొద్దున చెప్పి ఉంటే... చెప్పి ఉంటే... అనుకుంటూనే ఉన్నాను.

తర్వాతి వారం బోరింగు దగ్గర అమ్మ వినేలాగే ఒకామె అంది. "సుగుణమ్మకు విశ్వాసం చాల్లేదంట. దానికే తిరగబెట్టె."

అమ్మ బిందె చంకనెత్తుకుని వచ్చేసింది. ఎవరూ చెప్పకుండానే అటకెక్కి మాత్రల డబ్బా దించింది.

ఒకరోజు అయ్యగారు ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే కూర్చున్నాడు.

"మాత్రలు మింగిస్తాండామని గూడా సాక్ష్యంలో చెప్పింటే సరిపోతాండె కదమ్మా. దాంట్లో అబద్ధమేముండాది?"

"అట్ల చెప్పొచ్చని నాకెవరు చెప్పినారయ్యగారూ?" అంది అమ్మ.

"మాత్రలు మింగిస్తాండారా అని ముందే నేనే అడిగింటే బాగుండె. అడగలేకపోతి" అన్నాడాయన. ప్రార్థన చేసి లేచి వెళ్లిపోయాడు.

అమ్మ ఆదివారం చర్చి మానలేదు. సభలకు మాత్రం మళ్లీ వెళ్లలేదు...

తొట్టి దగ్గర జరిగింది ఇరవై ఏళ్లకు పైగా నాలోనే దాచుకున్నాను. మొన్న ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు, అమ్మ చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

అమ్మ చేతులు ఆగాయి. "నాకూ తెలుసే" అంది. "ఆ పొద్దున దాని మొగం చూస్తానే తెలిసిపాయె. అయినా స్టేజీ ఎక్కినా. అంతమంది ముందర యెట్ల వెనక్కి పోయేదని..."

మళ్లీ గింజలు తీయసాగింది. నేనూ ఒక గుప్పెడు చింతపండు ముందుకు లాక్కున్నాను.

కరుణ ఇప్పుడు కర్నూలులో జాకెట్లు కుడుతుంది. రోజూ రెండు పూటలా మాత్రలు వేసుకుంటుంది. ఫిట్స్ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వస్తాయి. చర్చిలో పాడుతుంది కూడా... మా అందరికంటే బాగా.

ఈ ఏడాది సభల కరపత్రం నిన్న వాట్సాప్‌లో వచ్చింది. ఇప్పుడు పట్టలు లేవు, కుర్చీలు. పెద్ద తెర, ఫోనులో లైవు. గడప దగ్గర కూర్చుని నాదీ తప్పేనన్న ఆ అయ్యగారు లేరు. బాగైన వాళ్లను పిలిచి మైకు ఇవ్వడం మాత్రం మారలేదు. ఇంకా బాగుకాని బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థించే తల్లికి... అప్పుడూ ఎవరూ మైకు ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వడం లేదు.

ఇంట్లో వాళ్ల సంతోషం చెడిపోతుందని చిన్నప్పుడు మీరు కూడా ఏదైనా మాట గొంతులోనే ఆపేసుకున్నారా... ఉంటే కింద రాయండి. అన్నీ చదువుతాను.